పూత లేని స్కూటరు

బానెట్టుకి సరిగ్గా నడిమధ్యన ఒక నీలం టేపు అతికించి ఉంది. ఆ టేపుకి ఎడమవైపున్న సగాన్ని మాత్రమే అతను రుద్దుతున్నాడు. గిన్నెలు తోమే పొడి చిటికెడు, తడిపిన పీచు, మోచేతి బలం. అద్దం తుడిచినట్టు సుతారంగా రుద్దితే లాభం లేదు. అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మధ్యలో ఇష్టం వచ్చినట్టు మరికొన్ని గీతలు పడాలి. అప్పుడే ఎండకీ వానకీ అయిదారేళ్లు నిలబడ్డ రంగులా కనిపిస్తుంది. కుడివైపుకి నురుగు పాకకుండా టేపు అంచున పాత తువ్వాలు ఒకటి చుట్టి అడ్డం పెట్టాడు.

అది ఏ కారుకీ చెందిన బానెట్టు కాదు. షోరూము గుమ్మం పక్కన ఇనప స్టాండు మీద ఏటవాలుగా నిలబడి ఉంటుంది. కుడి సగం మీద ‘పూత వేసినది’ అనీ, ఎడమ సగం మీద ‘పూత వేయనిది’ అనీ చీటీలు. తొమ్మిదిన్నరకి తలుపులు తెరుస్తారు. ఈలోగా ఎడమ సగం మాసిపోయి, కుడి సగం మెరుస్తూ ఉండాలి. ఇరవై రెండేళ్లుగా అతని పని ఇక్కడే మొదలవుతోంది. ఇది నాలుగో బానెట్టు. ముందటి మూడూ ఇలాగే అరిగి, రంగు లేచిపోయి, లోపలి రేకు తేలాక పాత ఇనుములోకి వెళ్లిపోయాయి. మొదటిది నీలం రంగుది. అప్పుడతనికి ముప్ఫై నాలుగేళ్లు.

పీచు కడిగి, గరుకు సబ్బుతో ఎడమ సగాన్ని మరోసారి తుడిచాడు. కుడి సగానికి మైనం అద్ది, మెత్తటి గుడ్డతో లాగాడు. సీసాలోంచి రెండువైపులా నీళ్లు చిమ్మి చూశాడు. కుడివైపు నీళ్లు గుండ్రటి పూసలై దొర్లిపోయాయి. ఎడమవైపు పల్చగా పరుచుకుని మురికి మరకలా నిలిచాయి. సరిపోయింది.

నడుము ఎత్తబోతే ఎడమ భుజం కింద ఏదో బరువు పట్టి లాగినట్టయింది. పొద్దున నిద్ర లేచినప్పటి నుంచీ ఉందది. నిన్న పెద్ద కారు పైకప్పు మీదికి వంగి పని చేశాడు, అందుకేననుకున్నాడు. భుజం రెండుసార్లు తిప్పి, బకెట్టు ఎత్తుకున్నాడు.

“బాబాయ్, ఇవాళ మీవాళ్ల కారు డెలివరీ కదా! నలగని చొక్కా వేసుకొచ్చావే, నేను చూడలేదనుకున్నావా?” సేల్సు అమ్మాయి చేతిసంచి బల్ల మీద పెడుతూ అంది. షోరూములో అందరికీ అతను పాలిష్ బాబాయే. జీతం కాగితం మీద తప్ప అతనికి వేరే పేరుందని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

“చొక్కాదేముందమ్మా, పైన మళ్లీ ఈ గుడ్డే కదా,” అని నడుముకి కట్టుకున్న రబ్బరు ఏప్రాన్ చూపించాడు.

“మీ చెల్లెలు నీలాగే ఉంటుందా? మాట్లాడితే అరిగిపోతానన్నట్టు?”

“దానికి నా వాటా మాటలు కూడా ఇచ్చేశాడు దేవుడు.”

ఆ అమ్మాయి నవ్వింది. అద్దాల గదిలోంచి మేనేజరు తల బయటికి పెట్టాడు. “బాబాయ్, స్కూటరు ముందుకి పెట్టావా?”

“పెట్టాను సార్.”

పెట్టాడు. అదీ రోజూ చేసే పనే. పెద్ద అద్దం ఎదురుగా, లోపల కుర్చీలో కూర్చున్నవాళ్లకి బాగా కనబడేలా, ఎండ పడని చోట. ముదురాకుపచ్చ రంగు స్కూటరు. ఇక్కడ చేరిన ఏడాదే కొన్నాడు. అంచులు ఎక్కడా తెల్లబడలేదు. ముందు రేకు మీద వంగితే దువ్వెన అక్కర్లేకుండా తల దువ్వుకోవచ్చు. దాన్ని చూపించే ఇక్కడ కొన్ని వందల కార్లకి పూత అమ్మారు. ‘మా పాలిష్ బాబాయి బండి సార్. ఇరవై రెండేళ్లు. ఒకే ఒక్కసారి పూత వేశాం. ఇప్పటికీ చూడండి.’

దానికి ఎన్నడూ పూత వేయలేదు. ఆదివారం ఎండెక్కకముందు నీడలో నిలబెట్టి, రేకు చల్లబడేదాకా ఆగి, ముందు చెంబుతో నీళ్లు పోసి దుమ్ము జారనిస్తాడు. పొడి గుడ్డ ఎప్పుడూ తగలనివ్వడు. దుమ్ము మీద పొడి గుడ్డ వేస్తే ఉప్పుకాగితం వేసినట్టే. తర్వాత పాత నూలు దుప్పటి ముక్క, నాలుగు మడతలు. ఒక మడత మాసిందంటే ఇంకో మడత. తిన్నగా లాగడమే, గుండ్రంగా తిప్పకూడదు. అంతే. రంగుని కాపాడేది అదే, అదొక్కటే. అతని భార్య గుమ్మంలో నిలబడి, “నా మొహం ఎప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?” అని ఎన్ని ఆదివారాలు అందో లెక్కలేదు.

పదకొండేళ్ల కిందట, ఇప్పటి మేనేజరుకి ముందున్నాయన ఎవరో బేరం తెగని మనిషికి ఆ స్కూటరు చూపించి మొదటిసారి ఆ మాట అన్నాడు. అని అతని వైపు తిరిగి, “అవునా కాదా?” అన్నాడు. అతను నవ్వి ఊరుకున్నాడు. అవుననలేదు. కాదని కూడా అనలేదు. ఆ మనిషి పూత వేయించుకున్నాడు. మర్నాటి నుంచి స్కూటరు పెట్టే చోటు మారింది.

నిన్న రాత్రి భోజనాల దగ్గర భార్య కదిపింది.

“మీ అమ్మ మీ చెల్లెలింట్లో ఆ రెండు గదులూ దాటి బయటికి రాక మూడేళ్లయింది. మీ చెల్లెలు కారు కొనేదే ఆవిడ కోసం. ఆ తిరిగే సీటు పెట్టించకపోతే ఆవిడ ఎక్కనేలేదు. మీకు తెలియదా?”

“తెలుసు.”

“మీరు పూసేదాని సంగతీ మీకు తెలుసు.”

అతను పళ్లెంలో చెయ్యి ఆపాడు.

తిరిగే సీటంటే డ్రైవరు పక్కన పెట్టేది. మీట నొక్కితే బయటికి తిరిగి, కాస్త కిందికి దిగుతుంది. మోకాళ్లు వంగనివాళ్లు మంచం మీద కూర్చున్నట్టు కూర్చుంటే, అదే లోపలికి తిరుగుతుంది. బ్యాంకువాళ్లు కారుతో పాటు ఇంకొక్కదానికే ఒప్పుకున్నారు. సీటో, పూతో. చెల్లెలు పూతే రాయించింది. రాయించి, అన్నకి ఫోను చేసి, “నీ చేత్తో వేసేది కాదనుకుని ఎక్కడో తయారైన సీటు పెట్టించుకుంటామా?” అంది.

“ఒక్క మాట,” భార్య అంది. “‘ఆ పూత వద్దు, సీటు పెట్టించుకో’ అనండి. దానికి మీకు నోరు నొప్పెడుతుందా?”

“రేపు చెప్తాలే.”

“రేపు పొద్దున్నే కదా వాళ్లొచ్చేది.”

“అదే, వచ్చాకే చెప్తా.”

“మీ నోట్లోంచి ఒక్క మాట రావాలంటే నెల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి,” అని ఆమె పళ్లెం తీసుకుని లేచింది. ఆ విసుగులో కొత్తేమీ లేదు. కానీ కొళాయి దగ్గర నిలబడి, ఇటు తిరక్కుండా, మెల్లిగా అంది. “అది అమ్మ కాళ్లండీ.”

చెప్పాలనే వచ్చాడు ఇవాళ.

పదింటికి చెల్లెలూ బావగారూ ఆటోలో దిగారు. చెల్లెలికి నలభై ఎనిమిది. దిగుతూనే షోరూము వైపు చూడకుండా స్కూటరు దగ్గరికి వెళ్లి, దాని సీటు మీద చెయ్యి వేసింది, తెలిసిన పిల్ల తల నిమిరినట్టు.

“చూశారా, చూశారా! మీ బండికీ దీనికీ వయసు ఒకటే. మీది గుడ్డ కప్పి దాచుకోవాల్సిన స్థితి. మా అన్నయ్యది చూడండి.”

బావగారు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఏ కాగితమైనా వెనకవైపు కూడా చదువుతాడు. “నాది వర్షంలో ఉత్తరాలు మోసిన బండి. మీ అన్నయ్య బండి అద్దంలో మొహం చూసుకోవడానికి ఉన్న బండి,” అన్నాడు.

“కుళ్లు!”

“కుళ్లే. ఏం బావగారూ, కుళ్లుకి కూడా పూత ఉందా మీ దగ్గర?”

అతను నవ్వాడు. నవ్వితే భుజం కింద బరువు కొంచెం కదిలింది.

మేనేజరు వాళ్లని బానెట్టు దగ్గరికి తీసుకొచ్చాడు. అటూ ఇటూ నీళ్లు చిమ్మాడు. పూసలు దొర్లాయి, మరకలు నిలిచాయి. చెల్లెలు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టబోయి ఆగింది. బావగారు మాత్రం ఎడమ సగం మీదికి వంగి, కళ్లజోడు పైకెత్తి చూశాడు.

“ఈ గీతలన్నీ ఒకే రకంగా ఉన్నాయేంటి? ఎవరో పని పెట్టుకుని గీకినట్టు?”

మేనేజరు ఇలాంటివి చాలా చూశాడు. “రోడ్డు మీద ఇసక సార్. అది పని పెట్టుకునే గీకుతుంది.”

అతను వెనక బకెట్టు దగ్గర నిలబడి వింటున్నాడు. గోరు సందుల్లో ఇంకా తోముడు పొడి తెల్లగా ఉంది. చేతులు ఏప్రాన్ వెనక్కి పెట్టుకున్నాడు.

బల్ల దగ్గర కూర్చున్నాక బావగారు గ్యారంటీ కాగితం తిప్పాడు. “అయిదేళ్లంటారు. ఇక్కడేమో ఆర్నెల్లకోసారి మీ దగ్గరికే తెచ్చి ముద్ర వేయించుకోవాలట. ఒక్కసారి తప్పినా చెల్లదట. రాయి తగిలితే చెల్లదు, గీత పడితే చెల్లదు, పిట్ట రెట్ట వేస్తే చెల్లదు. మరి చెల్లేదేంటండీ?”

“మెరుపు సార్,” మేనేజరు అన్నాడు. “అయినా మీ ఇంటి మనిషే ఉండగా కాగితం ఎందుకు? బాబాయ్, ఇలా రా. నువ్వే చెప్పు. కోటింగ్ వేయించుకోవాలా, అక్కర్లేదా? పన్నెండుకి బిల్లు క్లోజ్ చేస్తాను. ఈలోపు ఏ మార్పైనా చేసుకోవచ్చు, నాదేం లేదు.”

ముగ్గురూ అతని వైపు చూశారు. మేనేజరు నవ్వుతూ చూశాడు, ఆ నవ్వులో బెదిరింపేమీ లేదు. బాబాయి కాదంటాడన్న ఊహే మేనేజరుకి రాలేదు. చెల్లెలి చూపే కష్టమైంది. పరీక్ష తప్పడని ముందే తెలిసిన పిల్లవాడి మార్కులు పదిమందిలో చదివించే తల్లి చూపు అది.

చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. ‘ఆ పూత వద్దు.’ ఆ మాట అన్నాక ఇంకొకటి వస్తుంది. ‘ఎందుకొద్దు?’ దానికి జవాబు చెప్పాలంటే షెడ్డు వెనక ఉన్న పేరు లేని డబ్బా చూపించాలి, ఏ సీసాలోకి ఏది పోస్తారో చెప్పాలి. సీసాలో ఉన్నది అసలుదే అయినా అది చేసేది నీళ్లు జారనివ్వడం వరకేనని చెప్పాలి. బానెట్టు సంగతి, స్కూటరు సంగతి చెప్పాలి. అమ్మ గదిలో గోడకి, తలుపు తియ్యగానే కనబడేలా, అద్దం కట్టించిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. కంపెనీ నుంచి వచ్చిన మనిషి మూడు రోజులు నేర్పించి ఇచ్చినది. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ మంచం మీద నుంచే దాన్ని చూపిస్తుంది. దాన్ని మేకు నుంచి తీసి కింద పెట్టాలి.

“పనిలో లోపం రానివ్వను,” అన్నాడు అతను.

“ఇంకేం!” అంది చెల్లెలు.

బావగారు అతని మొహం వైపు ఒక క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

వాళ్లు బ్యాంకు కాగితాల సంతకాల్లో పడ్డారు. పదకొండున్నరకి అతను షెడ్డు వెనక్కి వెళ్లి, నీళ్ల డ్రమ్ము మీద కూర్చుని, చెల్లెలి ఇంటికి ఫోను చేశాడు. పక్కింటావిడ తీసి అమ్మకి ఇచ్చింది.

“ఒరేయ్, కారొచ్చేసిందా?”

“లేదమ్మా. సాయంత్రం. అమ్మా, ఆ సీటు...”

“ఏ సీటు?”

“తిరిగేది. అది పెట్టించుకుంటే నీకు సుఖంగా ఉంటుంది. ఎక్కడానికి.”

“నాకెందుకురా అవన్నీ? నేనేమైనా తిరనాళ్లలో గిరగిరా తిరిగే బొమ్మనా?” అమ్మ నవ్వింది. నవ్వు చివర దగ్గు వచ్చింది. “అదీ అడిగింది, ఏది కావాలే అమ్మా అని. నేనే చెప్పాను. వాడు పూసేది కదా, అదే వేయించండి అని. నన్ను ఇద్దరు ఎత్తి కూచోబెడితే సరిపోదూ? బస్తా కన్నా బరువున్నానా?”

“అది కాదమ్మా. పూతదేముంది, అది లేకపోయినా...”

“లేకపోతే ఎలారా? ఇన్నేళ్లలో ఎవరెవరి కార్లకో పూశావు. మనదనేది ఒక్కటి ఉందా? నువ్వు పని చేస్తుంటే నేను ఒక్కసారి చూడలేదు. అదైనా చేత్తో తడిమి చూస్తాను.” కాసేపు ఊపిరి తీసుకుంది. “మొదటిసారి ఎక్కగానే మీ షోరూముకే తీసుకెళ్లమన్నాను. బయట నుంచైనా చూపిస్తారుగా?”

“చూపిస్తాను.”

“ఏదో చెప్పబోయావు?”

అతను కుడిచేత్తో డ్రమ్ము మూత మీద ఎండిన చుక్కలు గోకుతున్నాడు. “ఏం లేదమ్మా. మందులు వేసుకున్నావా?”

“వేసుకున్నాలే. పెట్టేయ్, పక్కింటావిడ నిలబడే ఉంది పాపం.”

ఫోను జేబులో పెట్టుకుని ఇంకా కూర్చున్నాడు. షోరూము వెనక తలుపు దాకా పాతిక అడుగులు. పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది. లేచాడు. తలుపు దాకా వెళ్లాడు. అద్దంలోంచి చూస్తే చెల్లెలు సేల్సు అమ్మాయికి ఏదో చెబుతూ, చేతులు గాల్లో తిప్పుతోంది. గుడ్డ మడత పెట్టి తిన్నగా లాగుతున్నట్టు, అచ్చం అతను చేసేటట్టే. ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. అతను తలుపు పిడి మీద చెయ్యి వేసి, అక్కడ తన వేలిముద్రలు పడ్డాయని చూసి, ఏప్రాన్ అంచుతో తుడిచాడు. తుడిచి, వెనక్కి తిరిగాడు.

పన్నెండు దాటాక మేనేజరు వచ్చి పని చీటీ ఇచ్చాడు. “బిల్లయిపోయింది బాబాయ్. అయిదింటికి డెలివరీ. పైపైన లాగించు, నీకు తెలియందేముంది. మీవాళ్లే కాబట్టి మైనం రెండు చేతులు ఎక్కువ వెయ్యి కావాలంటే.” ఒక అడుగు వేసి ఆగి, “మొహం అలా ఉందేం? తిన్నావా?” అన్నాడు.

“తిన్నాను సార్.”

తినలేదు. భార్య ఇచ్చిన అన్నం డబ్బా అలమరలో మూత తియ్యకుండానే ఉంది.

పూత గదిలో కారు నిలబెట్టి ఉంది. ముత్యపు తెలుపు. తలుపులు మూసేశాడు, ఫ్యాను ఆపేశాడు. గాలి ఆడితే దుమ్ము పడుతుంది. మందు వాసన ఎక్కడికీ పోక గదిలోనే ముసురుకుంటుంది. ఇరవై రెండేళ్లలో ఆ వాసన అతని చర్మంలోకి దిగింది. సబ్బు వేసి ఎంత కడుక్కున్నా భార్య అతని తువ్వాలు విడిగానే ఉతుకుతుంది.

పైపైన లాగించలేదు. కంపెనీ మనిషి నేర్పినట్టే చేశాడు. ముందు నీళ్లు, తర్వాత నురుగు, తర్వాత వట్టి వేళ్లతో తడిమి, మురికి పట్టి లాగే మట్టిముద్దతో ఇసకరేణువులు ఏరడం. కొత్త కారని పేరే కానీ ఓడల మీదా లారీల మీదా వచ్చేసరికి వేలిమొనకి ముళ్లలా తగులుతాయి. సన్నటి గీతలు కొన్ని ఉంటే వాటిని చేత్తోనే తీశాడు. ఆ తర్వాత పేరు లేని డబ్బాలోంచి చిన్న సీసాలో పోసి ఉంచిన ద్రవం, పైకప్పు నుంచి మొదలుపెట్టి ఒక్కో రేకూ. రాసి, అరవై లెక్కపెట్టి, తుడిచి, పక్కకి ఒంగి వెలుగులో చూసి, మళ్లీ. అది అయిదు నెలలు కూడా నిలవదని అతనికి తెలుసు. అయినా గీత లేకుండా రాశాడు. మూడు దాటింది. భుజం కింద బరువు ఇప్పుడు మోచేతి దాకా దిగింది. దవడ కూడా లాగుతోంది. రెండుసార్లు ఆగి స్టూలు మీద కూర్చుని లేచాడు.

డ్రైవరు పక్క తలుపు ఒక్కటే మిగిలింది.

దాని ముందు కాసేపు నిలబడ్డాడు. తలుపు తెరిచి లోపల సీటు చూశాడు. అన్ని కార్లలో సీటూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. తలుపు కింది గట్టు ఎత్తు ఎంతో చేత్తో కొలిచాడు. అతని మోకాలికి జానెడు కింద. అమ్మ పాదం అంత లేవదు.

తలుపు మూసి, అలమర తెరిచాడు. అడుగు అరలో, పాత సాక్సు ముక్కలో చుట్టి, బొటనవేలంత సీసా ఒకటి ఉంది. మొదటి రోజుల్లో కంపెనీ నుంచి వచ్చిన అసలు మందు. రెండేళ్లకే రావడం ఆగిపోయింది. దాని బదులు పేరు లేని డబ్బా వచ్చింది, సీసాల మీద కాగితాలు మాత్రం అవే ఉన్నాయి. ఆఖరి పెట్టెలోంచి ఒక్క సీసా అతను తీసి దాచుకున్నాడు. ఎప్పుడైనా మన కారు కొంటే దానికి, అని భార్యతో అంటే ఆమె, “ముందు సీసా కొన్నారు, ఇంక కారు కొనడమే తరువాయి,” అని నవ్వింది. ఇరవై ఏళ్లయింది. మూత సీలు తియ్యలేదు. వెలుగుకి ఎత్తి చూశాడు. సగానికి పైగా ఎండిపోయి, అడుగున పాకంలా చిక్కగా కొంచెం మిగిలింది. ఒక తలుపుకి వస్తుంది.

సీటు ఎలాగూ ఇవ్వలేకపోయాడు. అమ్మ తడిమి చూస్తానంది. తడిమిన చోటైనా అసలుది ఉండాలి.

సీలు తెంపి, గుడ్డ మీద వంచాడు. తలుపు పైభాగం మీద అడ్డంగా, నిలువుగా రాశాడు. చిక్కగా పాకింది. అలవాటుగా అరవై లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాత మందు అంత ఆగదని ఇంకెవరైనా అయితే అనుకునేవారేమో. అతనికి ఆ అరవై ఒంట్లోకి దిగిన లెక్క. ఇరవై దగ్గరే రంగు మీద పొగలాంటి మసక కట్టింది. నలభైకి గుడ్డ వేసేసరికి, గుడ్డ కదల్లేదు. పట్టుకుంది.

రుద్దాడు. మెత్తగా రుద్దడం, తిన్నగా లాగడం, మడత మార్చడం, అన్నీ మర్చిపోయి రుద్దాడు. పొద్దున బానెట్టు ఎడమ సగాన్ని రుద్దినట్టు రుద్దాడు. చుట్టూ అంచులు కొంచెం ఊడాయి. మధ్యలో, పిడి పక్కన, అరచేయంత మేర గట్టిపడిపోయింది. నుదుటి మీద చెమట చల్లగా ఉంది. ఎడమ చెయ్యి కారుకి ఆనించి, కుడి చేత్తో మళ్లీ రుద్దాడు. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టయింది.

కాస్త కూర్చుని లేద్దామనుకున్నాడు. స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

నాలుగున్నరకి సేల్సు అమ్మాయి తలుపు అద్దంలోంచి తొంగి చూసింది. బాబాయి స్టూలు మీద కూర్చుని, తల కారు తలుపుకి దగ్గరగా వాల్చి, పక్క నుంచి చూస్తున్నాడు. పూత సరిగ్గా పట్టిందో లేదో చూసేటప్పుడు అతను ఎప్పుడూ అలాగే చూస్తాడు. ఆ సమయంలో పలకరిస్తే చిరాకు పడతాడు. సొంతవాళ్ల కారు కదా, పోనీలే అనుకుని ఆమె వెళ్లిపోయింది. అయిదుకి అయిదు నిమిషాలుందనగా మళ్లీ వచ్చింది. అతను అలాగే ఉన్నాడు.

కారు మొదటిసారి చెల్లెలి ఇంటికి వెళ్లింది మర్నాడు పొద్దున. ఆఖరి చూపుకి అమ్మని కొడుకు ఇంటికి తీసుకురావడానికి. ఇద్దరు సరిపోలేదు. బావగారు, పక్కింటాయన, రోడ్డు మీద పోయే మనిషి ఇంకొకడు. ముగ్గురు ఎత్తినా ఆవిడ కుడికాలు గట్టుకి తట్టుకుని లోపలికి రాలేదు. చెల్లెలు కింద కూర్చుని ఆ పాదం రెండు చేతులా పట్టుకుని వంచబోతే అమ్మ కేకలాంటిది ఒకటి పెట్టి, పెదవి కొరుక్కుంది. చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి దించి, గోడ పక్క నిలబెట్టి, మళ్లీ ఎత్తారు.

ఆసరా కోసం అమ్మ తెరిచిన తలుపు పట్టుకుంది. అరచెయ్యి పిడి పక్కన ఆగింది.

“ఇక్కడేదో గరుగ్గా ఉంది,” అంది.

బావగారు ఆవిడ మోచెయ్యి పట్టుకుంటూ అన్నాడు. “కోటింగ్ అత్తయ్యా. అక్కడ గట్టిపడిపోయింది. పోదట.”

“గట్టిగానే వేశాడు,” అంది అమ్మ. చెయ్యి అక్కడే ఉంచి, ఎత్తేవాళ్ల కోసం రెండో చెయ్యి చాపింది.

షోరూము దారిలోనే పడుతుంది. ఎవరూ ఆపమనలేదు.

నెల తిరగ్గానే మేనేజరు అతని భార్యకి ఫోను చేశాడు. స్కూటరు కొన్నాళ్లు ఇక్కడే ఉంచుతామండీ, మీకేమైనా అభ్యంతరమా, అని. నడిపేవాళ్లెవరు, ఉంచుకోండి, అంది ఆమె. పాలిష్ పనికి కొత్త మనిషి వచ్చాడు. బానెట్టు రుద్దడం అతనికి ఒక్క పూటలో వచ్చేసింది. స్కూటరు సంగతి ఎవరూ అతనికి చెప్పలేదు. పూత వేసిన బండికి చెయ్యాల్సిందేముంది? అప్పుడప్పుడూ సేల్సువాళ్లు కొనేవాళ్లని తీసుకొచ్చేముందు దాని మీది దుమ్ము పొడి గుడ్డతో దులిపేవారు.

ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి ముందు రేకు మీద సాలెగూడులా గీతలు తేలాయి. ఆకుపచ్చ పాలిపోయి, అంచుల్లో తెలుపు పొడిలా రాలడం మొదలైంది. సేల్సు అమ్మాయి ఒకరోజు దాన్ని చూపించబోయి, దగ్గరికి వెళ్లి, ఆగి, కొనేవాళ్లని బానెట్టు వైపు తిప్పింది. ఆ సాయంత్రం ఇద్దరు దాన్ని నెట్టుకుంటూ వెనక షెడ్డు గోడ దగ్గరికి తీసుకెళ్లి, పాత టైర్ల పక్కన నిలబెట్టారు.

దాని సీటు కింది పెట్టె ఎవరూ తెరవలేదు. అందులో ఉతికి ఆరేసిన పాత నూలు దుప్పటి ముక్క ఒకటి, నాలుగు మడతలు పెట్టి, ఆదివారానికి సిద్ధంగా ఉంది.